అమ్మానాన్నలతో లోస్ అల్గొదోనెస్: సరిహద్దు దాటి పళ్ళ పని చేయించుకోవాలంటే

భోగి రోజు పొద్దున మా నాన్న చెక్క కొరికితే కుడివైపు దవడ పన్ను సగానికి విరిగింది. అమ్మ పల్నాడు నుంచి స్టీలు డబ్బాలో సర్దుకుని తెచ్చిన చెక్కలు అవి. నాన్న ఎవరికీ చెప్పలేదు. ఆ ముక్కను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రాత్రి అన్నం అంతా ఎడమవైపే నములుతుంటే అమ్మ కనిపెట్టింది. రెండు రోజులాగి ఇక్కడ అరిజోనాలో, మేముండే చాండ్లర్‌లో ఒక క్లినిక్‌లో చూపిస్తే రూట్ కెనాల్, పైన క్యాప్, ఇంకో రెండు పళ్ళకు కూడా పని ఉందని ఒక కాగితం చేతిలో పెట్టారు. కాగితం మీది అంకె చూసి నాన్న "గుంటూరు వెళ్ళాక చూపించుకుంటాలేమ్మా" అన్నాడు. ఆయన తిరుగు టికెట్ మే నెలలో. నాలుగు నెలలు ఒకవైపే నమిలి బతకడం కుదిరే పనా? విజిటర్స్ ఇన్సూరెన్స్ కాగితాలు తిరగేస్తే పళ్ళకు వర్తించదని ఉంది.

మా వీధి చివర మిన్నెసోటా నుంచి ఏటా నవంబరులో దిగి ఏప్రిల్‌లో వెళ్ళిపోయే పెద్ద దంపతులున్నారు. ఇలాంటివాళ్ళను ఇక్కడ స్నోబర్డ్స్ అంటారు. మంచు పడే రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి ఎండ కోసం వచ్చేవాళ్ళు. ఆ పెద్దావిడ నోరు తెరిచి తన పళ్ళు చూపించి మరీ చెప్పింది, అరిజోనా కొసన ఉన్న యూమా పక్కన సరిహద్దు దాటితే మెక్సికోలో లోస్ అల్గొదోనెస్ అనే ఊరుందని. అలా మొదలై నాలుగుసార్లు వెళ్ళొచ్చాం. అమ్మానాన్నలు చలికాలం మీ దగ్గర గడపడానికి వచ్చి ఉంటే, మీరూ అరిజోనాలోనో దక్షిణ కాలిఫోర్నియాలోనో ఉంటే, నేను తెలుసుకున్నవి మీకు పనికొస్తాయి.

ఊరు చిన్నది. మెక్సికో దేశం ఉత్తరపు కొస ఈ ఊరి దగ్గరే. 2010 లెక్కల్లో జనాభా ఐదున్నర వేలు. అందులో డెంటిస్టులే వందల్లో ఉంటారు, అందుకే దీన్ని మోలార్ సిటీ అని పిలుస్తారు. మోలార్ అంటే దవడ పన్ను. సరిహద్దు గేటు దాటగానే నాలుగైదు వీధుల్లో పళ్ళ క్లినిక్‌లు, కళ్ళద్దాల షాపులు, మందుల షాపులు, టాకో బండ్లు. అంతే ఊరు. డాలర్లు అందరూ తీసుకుంటారు, ఇంగ్లీషు చాలామందికి వచ్చు. మాకు అమెరికాలో చెప్పిన ఖర్చులో దాదాపు మూడో వంతుకు పని అయింది.

ఇక ఆ పేరు సంగతి. స్పానిష్‌లో అల్గొదోన్ అంటే పత్తి. అరబ్బుల అల్-కుతున్ అనే మాట స్పెయిన్‌లో అల్గొదోన్ అయింది, ఇంగ్లీషులో కాటన్ అయింది. ఇది చెప్పగానే నాన్న కారు సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాడు. నలభై ఏళ్ళు నల్లరేగడిలో పత్తి వేసిన మనిషి. పంటి నొప్పి మరిచిపోయి "అయితే చూడాల్సిందే" అన్నాడు.

ముందు కాగితాలు

పళ్ళ సంగతి తర్వాత. కాగితాలు సరిగా లేకపోతే తిరిగి అమెరికాలోకి రావడమే పెద్ద టెన్షన్ అవుతుంది.

అమ్మానాన్నలకు భారత పాస్‌పోర్టు, అందులో గడువు ఉన్న మల్టిపుల్ ఎంట్రీ బి-2 సందర్శక వీసా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ప్రింటు కావాలి. గడువున్న అమెరికా వీసా ఉంటే భారతీయులకు మెక్సికో వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా అంతే. మీరు హెచ్-1బి ఉద్యోగ వీసాలో ఉంటే వీసా స్టాంపుతో పాటు ఐ-797 (హెచ్-1బి మంజూరైనట్టు ఇచ్చే నోటీసు) అసలు కాగితం, ఈమధ్య పే స్టబ్బులు (జీతం చీటీలు) రెండు పెట్టుకోండి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా పిల్లలైతే ట్రావెల్ సంతకం ఉన్న ఐ-20 (కాలేజీ ఇచ్చే కాగితం). అమెరికాలో పుట్టిన పదహారేళ్ళ లోపు పిల్లలు భూమార్గంలో తిరిగి వచ్చేటప్పుడు బర్త్ సర్టిఫికెట్ చూపిస్తే చాలు, కానీ పాస్‌పోర్టు ఉంటే అదే పట్టుకెళ్ళండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, మనవాళ్ళు చాలామంది పడేది ఇందులోనే. వీసా స్టాంపు గడువు తీరినా ఐ-94 చెల్లుబాటులో ఉంటే, ముప్ఫై రోజుల లోపు మెక్సికో వెళ్ళి తిరిగి రావచ్చని అమెరికా నియమం ఒకటుంది. ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. అది నిజమే. కానీ అది అమెరికా వైపు నియమం. మెక్సికో తన గడప దాటనివ్వడానికి అడిగేది గడువున్న అమెరికా వీసాను. స్టాంపు తీరినవాళ్ళకు మెక్సికో వీసా విడిగా ఉండాలి. మాతో మొదటిసారి మా ఆయన స్నేహితుడు ఒకతను బయల్దేరాడు. హెచ్-1బి పొడిగింపు వచ్చింది, స్టాంపు మాత్రం పాతది. ఈ విషయం యూమా హోటల్లో రాత్రి పదకొండింటికి తేలింది. పాపం, మర్నాడు అతను యూమాలోనే ఉండిపోయాడు. గ్రీన్ కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్ళయితే లాయర్‌ను అడగకుండా అసలు కదలొద్దు.

అమ్మానాన్నల ఐ-94 గడువు ఆఖరి వారాల్లో ఉన్నప్పుడు ఈ ప్రయాణం పెట్టుకోకండి. తిరిగి వచ్చాక రెండు రోజులాగి వెబ్‌సైట్‌లో వాళ్ళ ఐ-94 తీసి తేదీ అలాగే ఉందో లేదో చూసుకోండి. నేను ప్రతిసారీ ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెడతాను.

దారి, గడియారం, పార్కింగు

ఫీనిక్స్ నుంచి యూమా 300 కిలోమీటర్ల చుట్టుపక్కల, మూడు గంటల ప్రయాణం. ఐ-8 హైవే పట్టుకుంటే దారంతా ఎడారి. బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు తగలొచ్చు, కాబట్టి పాస్‌పోర్టులు డిక్కీలోని పెట్టెలో కాకుండా చేతికందేలా ఉంచండి. యూమా దాటి కొలరాడో నది మీదుగా కాలిఫోర్నియాలోకి వెళ్ళాక ఎగ్జిట్ 166 దగ్గర దిగాలి. ఆ అంకె పడమటి కొస నుంచి లెక్కేసిన మైళ్ళు, కాబట్టి శాన్‌డియేగో నుంచి వచ్చేవాళ్ళకు దూరం అందులోనే తెలిసిపోతుంది. అక్కడి నుంచి 186వ నంబరు రోడ్డు నేరుగా ఆండ్రేడ్ అనే సరిహద్దు గేటు దగ్గర ఆగుతుంది.

గడియారం సంగతి రాసి పెట్టుకోండి. అరిజోనా గడియారం ఏడాది పొడుగునా మారదు. ఆండ్రేడ్, అల్గొదోనెస్ కాలిఫోర్నియా సమయం పాటిస్తాయి. చలికాలంలో యూమాలో పది అయితే అల్గొదోనెస్‌లో తొమ్మిది. మార్చి రెండో ఆదివారం తర్వాత రెండూ ఒకటే. మేము జనవరిలో తొమ్మిది గంటల అపాయింట్‌మెంటుకు అక్కడి లెక్కలో ఎనిమిదికల్లా చేరి, తెరవని తలుపు ముందు చలిలో నిలబడ్డాం. నాన్నకు మంకీ క్యాప్ ఉంది కాబట్టి సరిపోయింది. పగలు ఇరవై డిగ్రీలు దాటి హాయిగా ఉండే చోటే అయినా, ఎడారిలో పొద్దుటి చలి గట్టిగా ఉంటుంది. గేటు కాలిఫోర్నియా సమయం ప్రకారం పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు తెరిచి ఉంటుంది. బయల్దేరే ముందు రోజు కస్టమ్స్ వాళ్ళ సైటులో ఒకసారి సరిచూసుకోండి.

కారు లోపలికి తీసుకెళ్ళొద్దు. అమెరికా కారు ఇన్సూరెన్స్ మెక్సికోలో చెల్లదు, అద్దె కారైతే చాలావరకు ఒప్పందమే ఒప్పుకోదు. పైగా తిరిగి వచ్చే కార్ల వరుస నడిచేవాళ్ళ వరుస కంటే తలనొప్పి. గేటుకు ఇవతల క్వెచాన్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళ పెద్ద పార్కింగు స్థలం ఉంది. ఆ నేల వాళ్ళ తెగకు కేటాయించిన భూమిలోది. రోజుకింతని తీసుకుంటారు, చిల్లర డాలర్లు దగ్గర పెట్టుకోండి. అక్కడి నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళేటప్పుడు మెక్సికో ఇమిగ్రేషన్ గదిలో టూరిస్టు ఫారం నింపించుకోండి. జనం వరసగా నడిచి పోతుంటారు, ఎవరూ ఆపకపోవచ్చు. మన పాస్‌పోర్టు వేరు కాబట్టి నేను మాత్రం ప్రతిసారీ కౌంటర్ దగ్గర ఆగి అడుగుతాను.

క్లినిక్ ఎంచుకోవడం

ఈ ఊళ్ళో అన్నిటికంటే నిదానంగా చేయాల్సిన పని ఇదే. మేము మొదటిసారి ఇక్కడే తడబడ్డాం.

గేటు దాటి పది అడుగులు వేయగానే మనుషులు చుట్టుముడతారు. "డెంటిస్టా? గ్లాసెస్? ఫార్మసీ?" అంటూ కార్డులు చేతిలో పెడతారు. మర్యాదగానే మాట్లాడతారు, వాళ్ళ బతుకుతెరువు అది. తీసుకెళ్ళి కూర్చోబెట్టినందుకు వాళ్ళకు కమిషన్ ఉంటుంది. మేము ముందే ఒక చోట అపాయింట్‌మెంటు పెట్టుకుని కూడా, తలుపు తీయలేదని ఇలాంటి ఒకతని వెంట వేరే క్లినిక్‌కు వెళ్ళాం. అక్కడ ఎక్స్‌రే తీసి పది నిమిషాల్లో ఆరు పళ్ళు పీకి ఇంప్లాంట్లు (దవడలో మర బిగించి పెట్టే కృత్రిమ పళ్ళు) వేయాలన్నారు. ఈరోజే మొదలుపెడితే తగ్గిస్తామన్నారు. నాన్న కుర్చీలో పడుకుని నా వంక చూశాడు. నేను ఏం చెబితే దానికి తల ఊపేలా ఉంది ఆ చూపు. ఎక్స్‌రేకు డబ్బు కట్టి, దాని కాపీ ఫోన్‌లోకి తీసుకుని బయటికి వచ్చేశాం. ముందు అనుకున్న క్లినిక్‌లో అదే ఎక్స్‌రే చూపిస్తే, విరిగిన పన్నుకు రూట్ కెనాల్, క్యాప్, పక్క పన్నులో పిప్పి తీసి సిమెంటు, మిగతావన్నీ గట్టిగా ఉన్నాయని చెప్పారు. చాండ్లర్ డాక్టరు చెప్పినదానికి ఇదే దగ్గరగా ఉంది.

అందుకే నా మాట: బయల్దేరే ముందే మీ ఊళ్ళో ఒక డెంటిస్టు దగ్గర చూపించుకుని, ఏ పన్నుకు ఏం పనో కాగితం మీద రాయించుకోండి. దాన్ని కొలబద్దగా పెట్టుకోండి. అల్గొదోనెస్‌లో మొదటి గంట నోరు చూపించుకోవడానికి, అడగడానికి మాత్రమే. పీకడం అనే మాట వస్తే ఆ రోజుకు ఆగిపోండి. పీకిన పన్ను మళ్ళీ రాదు, అమ్మానాన్నల వయసులో సొంత పన్ను ఒక్కటి మిగిలినా దానికి విలువే.

డాక్టరు చదువు సరిచూసుకోవడానికి మంచి దారి ఉంది. మెక్సికోలో ప్రతి డెంటిస్టుకు సెదులా ప్రొఫెసియొనల్ అనే లైసెన్సు నంబరు ఉంటుంది. రూట్ కెనాల్, ఇంప్లాంట్ లాంటి వాటిలో స్పెషలిస్టు అయితే దానికి ఇంకో సెదులా ఉంటుంది. ఆ దేశపు విద్యా శాఖ నడిపే రిజిస్టరులో పేరు కొట్టి ఇంటర్నెట్‌లోనే చూడొచ్చు. క్లినిక్‌కు మెయిల్ పెట్టి "మా నాన్న రూట్ కెనాల్ చేసే డాక్టరు పేరు, సెదులా నంబరు చెప్పండి" అని అడగండి. మంచి క్లినిక్ వాళ్ళు ఒక్క పూటలో పంపిస్తారు. నేను మూడు చోట్లకు రాస్తే రెండు చోట్ల నుంచి వచ్చింది, ఆ రెండిట్లోనే ఎంచుకున్నాను.

ఖర్చు కూడా రాసి ఇమ్మనండి. క్యాప్ ఏ పదార్థంతో చేస్తారు, జిర్కోనియానా, లోహం మీద పింగాణీనా, పన్ను లోపల పోస్ట్ (ఆసరా కడ్డీ) వేస్తే దానికి వేరే డబ్బా, ఎక్స్‌రే కలిపి చెప్పారా విడిగానా, ఊడిపోతే మళ్ళీ ఎన్నాళ్ళలోపు చేసిపెడతారు, కార్డుతో కడితే ఎక్కువ పడుతుందా. ఇవన్నీ కుర్చీ ఎక్కకముందే తేల్చుకోవాలి. నోట్లో దూది పెట్టాక అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎన్ని రోజులు పడుతుందో చెబుతాను. క్లీనింగు, పిప్పికి సిమెంటు పెట్టించుకోవడం ఒక్క పూట పని. రూట్ కెనాల్, క్యాప్ కలిపి మాకు మూడు రోజులు పట్టింది. మొదటి రోజు నరం తీసి పన్ను అరగదీసి తాత్కాలిక క్యాప్ పెట్టారు. రెండో రోజు విశ్రాంతి. మూడో రోజు అసలు క్యాప్. రెండు రాత్రులు యూమాలో హోటల్. చలికాలంలో స్నోబర్డ్స్‌తో యూమా కిటకిటలాడుతుంది, గది ముందే బుక్ చేసుకోండి.

ఇంప్లాంట్ల గురించి మాత్రం బాగా ఆలోచించండి. దవడలో మర బిగించాక ఎముక దానికి పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాతే పైన పన్ను. అమ్మానాన్నలకు ఇక్కడ ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. జనవరిలో మర వేయించి మేలో ఊరికి పంపిస్తే మిగతా సగం పని గుంటూరులో ఎవరు చేస్తారు? వేయించుకునే పక్షంలో మర కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు అడిగి తీసుకోండి. ప్యాకెట్టు మీదే ఉంటుంది. అది లేకపోతే తర్వాత చూసే డాక్టరుకు ఏ స్క్రూ పడుతుందో తెలియదు.

షుగర్ ఉంటే, గుండెకు స్టెంటు వేసి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి మెయిల్‌లోనే చెప్పండి. నాన్నకు షుగరుంది. మూడు నెలల సగటు షుగర్ రిపోర్టు ఇంగ్లీషులో పట్టుకెళ్ళాం, డాక్టరు అది చూశాకే ఇంజెక్షన్ తీశాడు. రక్తం పలచబడే మాత్రలను పంటి పని కోసమని మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టరును అడగండి. మాత్రల పేర్లన్నీ, బ్రాండ్ పేరు కాకుండా లోపలి మందు పేరుతో, ఒక కాగితం మీద రాసి నాన్న చొక్కా జేబులో పెట్టాను. భారతదేశం బ్రాండ్లు అక్కడ ఎవరికీ తెలియవు.

ఇంకొకటి, భాష. డాక్టరుకు ఇంగ్లీషు వచ్చు, నాన్నకు అంతంత మాత్రం. నొప్పి పెడితే ఎడమ చెయ్యి ఎత్తాలని ముందే అనుకున్నాం, డాక్టరుకూ చెప్పాం. నేను పక్కనే స్టూలు మీద కూర్చుంటానంటే వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ గంటంబావులో ఆయన చెయ్యి ఒక్కసారి లేచింది. డాక్టరు వెంటనే ఆపి ఇంకొంచెం మత్తు ఇచ్చాడు. అమ్మానాన్నలను లోపల ఒంటరిగా వదిలి బజారు తిరగడానికి వెళ్ళకండి.

మందులు, కళ్ళద్దాలు

కళ్ళద్దాలు అమ్మ చేయించుకుంది. కంటి పరీక్షతో సహా అదే రోజు చేతికొచ్చాయి.

మందుల విషయంలో నాది గట్టి అభిప్రాయం. బీపీ, షుగర్ మాత్రలు మనవాళ్ళు ఊరి నుంచే ఆరు నెలలకు సరిపడా తెచ్చుకుంటారు, అదే మేలు. అల్గొదోనెస్‌లో కొనాల్సి వస్తే డాక్టరు రాసిన చీటీ మీద, సీలు వేసిన డబ్బాలో ఉన్నవే కొనండి. యాంటీబయాటిక్స్‌కు 2010 నుంచి మెక్సికోలో కూడా చీటీ తప్పనిసరి. బలమైన నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, ఏకాగ్రత మాత్రలు విడిగా చేతిలో పోసి ఇస్తామంటే అటు చూడకండి. వాయవ్య మెక్సికో మందుల షాపుల్లో కొన్న అలాంటి మాత్రల్లో ఫెంటనిల్, మెథ్ అనే ప్రమాదకరమైన మత్తుమందులు కలిసి ఉన్నట్టు 2023లో పరీక్షల్లో బయటపడింది. ప్రాణం పోయే సంగతి ఇది. కొన్న మందులు తిరిగి వచ్చేటప్పుడు దాచకుండా చూపించాలి. సొంతానికి, మూడు నెలలకు మించకుండా ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు.

తిండి

శనివారం అమ్మ మాంసం ముట్టదు. మెక్సికో తిండిలో చిక్కుడు గింజల ముద్ద శాకాహారంలానే కనిపిస్తుంది కానీ చాలాచోట్ల పంది కొవ్వుతో వండుతారు. దాన్ని మాంటెకా అంటారు. "సిన్ కార్నే, సిన్ మాంటెకా" అనండి, మాంసం వద్దు, కొవ్వు వద్దు అని. చీజ్ పెట్టి కాల్చిన కేసడియా అనే రొట్టె, నిమ్మకాయ పిండిన కాల్చిన మొక్కజొన్న అమ్మకు నచ్చాయి. అన్నంలో కోడి రసం పోసి వండడం కూడా మామూలే, అడిగి తినండి. పన్ను పని అయినవాళ్ళకు మత్తు దిగేదాకా ఏమీ పెట్టొద్దు, బుగ్గ కొరుక్కుంటారు. మేము ఇంటి నుంచి ఫ్లాస్కులో పలచగా రాగి జావ తీసుకెళ్ళాం. నాన్న మూడు రోజులూ దాని మీదే ఎక్కువగా గడిపాడు.

తిరుగు వరుస

జనవరి నుంచి మార్చి దాకా మధ్యాహ్నం పూట నడిచి తిరిగి వచ్చేవాళ్ళ వరుస పొడుగు. మాకు ఒకసారి ఇరవై నిమిషాలు, ఇంకోసారి రెండు గంటలు పైన పట్టింది. కస్టమ్స్ వాళ్ళ యాప్‌లో సరిహద్దుల దగ్గర ఎంతసేపు పడుతుందో కనిపిస్తుంది, క్లినిక్‌లో కూర్చునే చూసుకోవచ్చు. పదకొండు నుంచి మూడు మధ్య మేము ఎప్పుడు నిలబడ్డా ఎక్కువసేపే పట్టింది. పొద్దున తొలి అపాయింట్‌మెంటు తీసుకుని పదిన్నరకల్లా వరుసలో ఉండడం, లేదంటే సాయంత్రం దాకా కూర్చోవడం మంచిది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కోసం మడతపెట్టే చిన్న స్టూలు పట్టుకెళ్ళాను. నీళ్ళ సీసా తప్పనిసరి. వరుసలోకి వెళ్ళేముందే బాత్రూము పని చూసుకోండి, వరుస మధ్యలో నుంచి బయటికి రావడం కష్టం.

వరుస పక్కనే జామకాయలు, మామిడికాయలు, మొక్కలు అమ్ముతుంటారు. ఆశపడి సంచిలో వేసుకోకండి, ఇలాంటి కాయలు అమెరికాలోకి రానివ్వరు, చెప్పకుండా తెస్తే జరిమానా. ఆఫీసరు అడిగేవి మూడే: ఎందుకు వెళ్ళారు, ఏం కొన్నారు, ఎక్కడ ఉంటున్నారు. నాన్నకు "టీత్ వర్క్, సర్" అనే రెండు ముక్కలు నేర్పించాం. క్లినిక్ రసీదు చేతిలోనే ఉంచండి, అది మంచి సాక్ష్యం.

ఆ నీళ్ళు కూడా చూసి రండి

నడుమ వచ్చిన విశ్రాంతి రోజును హోటల్ గదిలో టీవీ ముందు పోగొట్టొద్దు.

పార్కింగుకు వెళ్ళే 186 రోడ్డు ఒక పెద్ద కాలువను దాటుతుంది. ఇసుక దిబ్బల మధ్య నిండుగా, ఆకుపచ్చగా పారుతుంటుంది. అది ఆల్ అమెరికన్ కెనాల్. యూమాకు పైన ఉన్న ఇంపీరియల్ డ్యామ్ నుంచి కొలరాడో నీళ్ళను 80 మైళ్ళు పడమటికి, ఇంపీరియల్ లోయ పొలాలకు తీసుకెళ్తుంది. 1930లలో తవ్వారు. నాన్న కారు ఆపమన్నాడు. వంతెన మీద ఆపకూడదు, కాస్త ముందు రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపాం. "సాగర్ కుడి కాలువలా ఉంది" అన్నాడు. మరి మెక్సికోకు ఏం మిగులుతుంది అని అడిగాడు.

ఆ జవాబు అల్గొదోనెస్ పక్కనే ఉంది. ఊరిని ఆనుకునే మొరెలోస్ డ్యామ్. 1944 ఒప్పందం ప్రకారం మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరా-అడుగుల (ఎకరంలో అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు) నీళ్ళు ఇవ్వాలి, 1950లో పూర్తయిన ఈ డ్యామ్ దగ్గర దాదాపు అన్నీ కాలువలోకి మళ్ళుతాయి. కింద నది ఇసుకే. సముద్రం దాకా వెళ్ళడం ఏనాడో మానేసింది. 2014 మార్చిలో రెండు దేశాలూ ఒప్పుకుని ఇక్కడి నుంచి ఎనిమిది వారాలు నీళ్ళు వదిలితే, మే నెలలో ఆ నీరు సముద్రం పోటును తాకింది. ఇదంతా చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "చివరి ఆయకట్టు ఎక్కడైనా ఇంతేనమ్మా" అన్నాడు తర్వాత. మా పొలం సాగర్ కాలువ చివర్లోనే ఉంది. నీళ్ళు వదిలారని పేపర్లో పడిన పదిహేను రోజులకు గానీ మా చేలోకి రావు.

యూమాలో గేట్‌వే పార్కు దగ్గర నది ఒడ్డుకు దిగొచ్చు. పైన 1915లో కట్టిన ఇనుప వంతెన, ఓషన్ టు ఓషన్ బ్రిడ్జ్ అంటారు. కింద పిల్లలు కాళ్ళు తడుపుకునేంత లోతు. ఊరి చుట్టూ లెట్యూస్ చేలు, చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. పొద్దున్నే వెళ్తే కోత కోసేవాళ్ళు వరుసగా వంగి కనిపిస్తారు. ఖర్జూర తోటల్లో మెజూల్ పళ్ళు అమ్ముతారు, మెత్తగా ఉంటాయి, పంటి పని అయినవాళ్ళకు కూడా పర్వాలేదు.

క్యాప్ పెట్టిన రోజు సాయంత్రం ఆ పార్కులోనే కూర్చున్నాం. నాన్న ఖర్జూరం గింజ తీసి రెండుగా చీల్చి, మొదట ఎడమవైపు నమిలాడు. తర్వాత రెండో ముక్కను కుడివైపుకు మార్చి నెమ్మదిగా, కళ్ళు మూసుకుని నమిలాడు. ఆ తర్వాత జేబులో నుంచి రుమాలు తీసి, భోగి నాటి పన్ను ముక్కను విప్పి చూసుకుని, నీళ్ళలోకి విసిరాడు.